ప్రహరీ లోపల మూడు కరెంటు మీటర్లకు సొంత పిల్లర్ బాక్స్: అనుమతి, ఎర్తింగ్, కేబుల్ గురించి సలహా కావాలి

ప్రశ్న: భీమారం, హనుమకొండ నుంచి

పెద్దలకు, అనుభవం ఉన్నవారికి నమస్కారం.

భీమారంలో మాకు 300 గజాల స్థలం ఉంది. వెనుక భాగంలో నాన్నగారు కట్టించిన పెంకుటిల్లు ఉంది, అందులో అమ్మానాన్నలు ఉంటున్నారు. ముందు భాగంలో కింద మాకు ఒక పోర్షన్, పైన అద్దెకు ఒక పోర్షన్ వచ్చేలా కొత్త ఇల్లు కడుతున్నాం. పాత ఇంటికి వీధి స్తంభం నుంచి వచ్చే సర్వీస్ వైరు మా స్థలం మీదుగా గాలిలోనే వెళ్తుంది. కొత్త ఇంటికి స్లాబు పడిన తరువాత ఆ వైరు డాబా మీద నిలబడినవారి చేతికి అందే ఎత్తులోకి వచ్చింది. దానికి తోడు కోతుల గుంపులు దాన్ని పట్టుకుని ఊగుతున్నాయి. అవి ఊగినప్పుడల్లా స్తంభం దగ్గర జాయింటు వదులై, అమ్మవాళ్ల ఇంట్లో లైట్లు మిణుకుమిణుకుమంటున్నాయి.

అందుకని గేటు పక్కన, ప్రహరీ లోపలి వైపు ఒక పిల్లర్ బాక్స్ (దిమ్మె మీద నిలిపే మీటర్ల డబ్బా) కట్టించి, మూడు కరెంటు మీటర్లనూ అందులోనే పెట్టించి, అక్కడి నుంచి ఒక్కో ఇంటికీ భూమిలో కేబుల్ వేయించాలని అనుకుంటున్నాం. పిల్లర్ నుంచి కొత్త ఇంటికి దూరం తక్కువే, పాత ఇంటికి మాత్రం సుమారు 30 మీటర్లు ఉంటుంది. పాత ఇంటికీ, పై పోర్షన్‌కూ మూడేసి కిలోవాట్లు సరిపోతాయి. మా పోర్షన్‌లో ఏసీలు, గీజర్లు ఉన్నాయి, రేపు కరెంటు కారు కొనే ఆలోచన కూడా ఉంది. అందువల్ల 10 కిలోవాట్ల త్రీ ఫేజ్ తీసుకొమ్మన్నారు.

ఇలాంటి పిల్లర్‌ను మన స్థలంలో మనమే కట్టుకోవచ్చా, దానికి ఎవరి అనుమతి కావాలి? మా ఎలక్ట్రీషియన్ ఇనుప డబ్బా చేయించి, దానికి ఎర్తింగ్ ఇస్తే చాలని అంటున్నాడు. అది సరైనదేనా? కేబుల్ ఏ సైజు తీసుకోవాలి? ఇంట్లో చిన్నపిల్లలు, ముసలివాళ్లు ఉన్నారు కాబట్టి ఖర్చు కొంత పెరిగినా సరే, పని పకడ్బందీగా జరగాలని కోరిక.

జవాబు: విశ్రాంత విద్యుత్ ఉద్యోగి, కాజీపేట

తమ్ముడూ, నేను లైన్ల విభాగంలో చాలాకాలం పనిచేసి రిటైర్ అయ్యాను. ముందుగా ఒక్క విషయం తేల్చుకుంటే మీ ప్రశ్నల్లో సగం వాటంతట అవే విడిపోతాయి. ఆ పిల్లర్ మీ స్థలంలో, మీ డబ్బుతో లేచినా, అందులో మీటరు వరకు ఉన్న భాగం పంపిణీ సంస్థ ఆధీనంలో ఉంటుంది. మీటరు నుంచి బయటికి వచ్చే వైరు మొదలుకొని అంతా మీది, మీ బాధ్యత. ఈ హద్దు కాగితం మీదే కాదు, డబ్బాలో కూడా కంటికి కనిపించాలి. కాబట్టి డబ్బాను రెండు అరలుగా చేయించండి. ఒక అరలో వచ్చే కేబుల్, కట్అవుట్లు (సర్వీసు ఫ్యూజులు), మీటర్లు ఉండి, దానికి సంస్థవారు సీలు వేసుకునే ఏర్పాటు ఉండాలి. రెండో అరలో మీ స్విచ్‌లు ఉండి, దాని తాళం మీ దగ్గర ఉండాలి. రెండింటికీ ఒకే తలుపు పెడితే, మీ ఎలక్ట్రీషియన్ చిన్న ఫ్యూజు కోసం వచ్చినప్పుడల్లా సీలు జోలికి పోవలసి వస్తుంది. సీలు తెంచడం, మీటరును కదిలించడం 2003 విద్యుత్ చట్టం ప్రకారం నేరం. తరువాత ఎంత వివరణ ఇచ్చుకున్నా అది పెద్ద తలనొప్పే.

అనుమతి విషయానికి వస్తే, మీ సెక్షన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారికి దరఖాస్తు పెట్టకుండా పునాది కూడా తవ్వవద్దు. మీరు అడగవలసినవి మూడు వేర్వేరు పనులు: పాత సర్వీసుకు మీటరు స్థానం మార్పు, పై పోర్షన్‌కు కొత్త సర్వీసు, మీ పోర్షన్‌కు త్రీ ఫేజ్ సర్వీసు. ఒకే కాగితం మీద మూడూ రాస్తే ఫైలు ఎక్కడ ఆగిందో మీకే అర్థం కాదు. స్థలం స్కెచ్ గీసి, పిల్లర్ ఎక్కడ వస్తుందో, స్తంభం నుంచి దానికి ఎంత దూరమో, అందులో ఎన్ని కరెంటు మీటర్లు వస్తాయో చూపించండి. స్తంభం నుంచి పిల్లర్ దాకా కేబుల్ గాలిలో రావాలా, స్తంభం వెంట పైపులో దిగి భూమిలో రావాలా అనేది వారు చూసి నిర్ణయిస్తారు. ఎస్టిమేట్ వచ్చి, డబ్బు కట్టాకే పని మొదలవుతుంది.

ఇంకొక మాట. మీ డాబా మీద వైరు చేతికి అందుతోందని రాశారు. లో టెన్షన్ లైను, అంటే ఇళ్లకు కరెంటు ఇచ్చే తక్కువ వోల్టేజి లైను, భవనం మీదుగా వెళ్తే డాబాకు కనీసం 2.5 మీటర్ల ఎత్తులో, పక్కగా వెళ్తే 1.2 మీటర్ల ఎడంలో ఉండాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. లైను కింద కొత్తగా కట్టడం లేపేవారు ముందుగా పంపిణీ సంస్థకు రాతపూర్వకంగా తెలపాలని కూడా వాటిలో ఉంది. కాబట్టి పిల్లర్ సంగతి తేలేదాకా ఆగకుండా, ఈ వైరు గురించి ఇవాళే వేరుగా ఒక ఉత్తరం ఇచ్చి రసీదు తీసుకోండి, 1912 నంబరులో కూడా నమోదు చేయించండి. అది తొలగే వరకు పిల్లలను డాబా మీదికి పంపవద్దు.

పిల్లర్ తప్పకుండా ప్రహరీ లోపలే ఉండాలి. రోడ్డు మీదకో, మోరీ మీదకో జరిపితే రేపు రోడ్డు వెడల్పు చేసేటప్పుడు మీదే నష్టం. అయితే లోపల ఉన్నా, మీటరు ముఖం వీధి వైపు కనిపించేలా గోడలో కిటికీలాంటి ఏర్పాటు ఉంటే మంచిది. బిల్లు కొట్టడానికి వచ్చేవారికి గేటు తాళం ఎదురైతే డోర్ లాక్ అని రాసి వెళ్తారు, వచ్చే నెల రెండు నెలల యూనిట్లు కలిసి పడతాయి. మీటరు అద్దం మనిషి కంటి ఎత్తుకు కాస్త అటూఇటూగా ఉండాలి. అమ్మవాళ్ల సర్వీసుకు గృహజ్యోతి ఉచిత కరెంటు పథకం వర్తిస్తుంటే, మీటరు జరిపినా సర్వీస్ నంబరు పాతదే కొనసాగాలని దరఖాస్తులోనే రాయండి.

జవాబు: లైసెన్స్ ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్, కరీంనగర్

పెద్దాయన చెప్పిన హద్దు మాటనే పట్టుకుని, ఇనుప డబ్బా ప్రశ్నకు కొంచెం వివరంగా జవాబిస్తాను. ఎందుకంటే, ఎర్తింగ్ ఇస్తే చాలు అన్న మాట మన ప్రాంతంలో చాలామంది నమ్మే మాట, ప్రాణాల మీదికి తెచ్చే మాట కూడా.

ఇనుప డబ్బాలో ఒక ఫేజ్ వైరు ఇన్సులేషన్ ఒరుసుకుపోయి డబ్బాకు తగిలిందని అనుకుందాం. మీ ఎర్తింగ్ గుంత నిరోధం 5 ఓములు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) ఎర్తింగ్ 2 ఓములు అనుకుంటే, కరెంటు డబ్బా నుంచి మీ గుంత ద్వారా నేలలోకి దిగి ట్రాన్స్‌ఫార్మర్ గుంత వరకు వెళ్లాలి. 230 వోల్టులను 7 ఓములతో భాగిస్తే దాదాపు 33 ఆంపియర్లు వస్తాయి. 32 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట పడిపోయే స్విచ్) తన రేటింగుకు 1.13 రెట్ల వరకు, అంటే 36 ఆంపియర్ల దాకా, గంటసేపైనా పడిపోకుండా నిలబడేలాగే తయారవుతుంది. అంటే అది పడదు. ఫ్యూజు కూడా కాలదు. అంతసేపూ ఆ డబ్బా మీద 33 ఆంపియర్లు, 5 ఓములు, అంటే 165 వోల్టులు నిలిచే ఉంటాయి. గేటు పక్కన, వానలో, చెప్పులు లేని పిల్లవాడి చేతికి అందే ఎత్తులో ఆ డబ్బా ఉంటుంది. ఎర్తింగ్ ఇచ్చినా జరిగేది ఇది. గుంత ఎంతో బాగా వచ్చి రెండు చోట్లా ఒక్కో ఓమే ఉందనుకున్నా 115 ఆంపియర్లు వస్తాయి. సి రకం ఎంసీబీ తక్షణం పడాలంటే కనీసం ఐదు రెట్లు, అంటే 160 ఆంపియర్లు కావాలి.

అందుకే రెండు పనులు కలిపి చేయాలి. డబ్బా ఇనుముతో కాకుండా ఎస్ఎంసీ రకానిది, అంటే ఫైబర్ కలిపి అచ్చుపోసినది తీసుకోండి. మీటరుకు ముందున్న భాగాన్ని మీ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా తెంచే స్విచ్) కాపాడలేదు, ఎందుకంటే అది సంస్థ వైపు ఉంటుంది. ఆ భాగంలో మనకు ఉన్న రక్షణ ఒక్కటే, కరెంటు పారని డబ్బా. ఇక మీటరు దాటిన వెంటనే, మీ అరలో, ఒక్కో సర్వీసుకు ఒక ఎంసీబీతో పాటు 300 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, ఆలస్యంగా పడే ఎస్ టైపుది, పెట్టించండి. ఇంటి లోపలి డిస్ట్రిబ్యూషన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్లది ఉండాలి. ఇంట్లో గీజరు లీకైతే ఇంట్లోదే ముందు పడుతుంది. ఎవరైనా గడ్డపారతో నేలలోని కేబుల్‌ను పొడిస్తే పిల్లర్‌లోది పడుతుంది. ఆ 30 మీటర్ల కేబుల్‌కు వేరే కాపలా లేదు కాబట్టి పిల్లర్‌లో ఇది ఉండి తీరాలి.

కేబుల్ సంగతి త్వరగా చెప్పేస్తాను. పాత ఇంటికి 3 కిలోవాట్లంటే 13 ఆంపియర్లు. రెండు కోర్ల 10 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం ఆర్మర్డ్ (ఇనుప తొడుగు ఉన్న) కేబుల్‌లో 30 మీటర్లకు రెండున్నర వోల్టుల లోపే తగ్గుతుంది, అది ఏమీ కాదు. అయినా రేపు అమ్మవాళ్లకు ఏసీ పెడతారేమో ఆలోచించి 16 వేయండి, మళ్లీ తవ్వే పని ఉండదు. మీ పోర్షన్‌కు 10 కిలోవాట్లు మూడు ఫేజుల మీద సమానంగా పడితే 15, 16 ఆంపియర్లే, కానీ 7.4 కిలోవాట్ల కారు ఛార్జరు ఒక్కటే ఒకే ఫేజ్ మీద 32 ఆంపియర్లు లాగుతుంది. కాబట్టి సగటు చూసి కాకుండా ఆ ఒక్క ఫేజ్‌ను చూసి నాలుగు కోర్ల 16 చదరపు మిల్లీమీటర్లది తీసుకోండి. ఆ ఛార్జరు వచ్చే రోజున మంజూరైన లోడు కూడా పెంచుకోవలసి ఉంటుంది.

జవాబు: నయీంనగర్ నివాసి

నేను విద్యుత్ రంగం మనిషిని కాదు. కానీ 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో నగరంలోకి నీళ్లు వచ్చినప్పుడు చూసిన దాన్ని బట్టి ఒక సలహా ఇస్తాను. పిల్లర్ దిమ్మె ఎత్తును మేస్త్రీ అలవాటుకు వదిలేయకండి. మీ వీధిలో ఆ రెండు సంవత్సరాల్లో నీరు ఎంతవరకు నిలిచిందో పాతవారిని అడగండి. గోడల మీద చార ఇంకా కనిపిస్తే టేపు పెట్టి కొలవండి. డబ్బా అడుగు భాగం దానికి కనీసం ఒక అడుగు పైన ఉండాలి. మీటరు మరీ ఎత్తులోకి పోతుందనుకుంటే రీడింగు తీసేవారు నిలబడడానికి ముందు ఒక మెట్టు కట్టించవచ్చు, కానీ నీటిని బతిమాలలేం.

మా వీధిలో ఒక ఇంటి డబ్బా నేలకు జానెడు ఎత్తులోనే ఉండేది. వరద తీసిన తరువాత దాన్ని తెరిచి చూస్తే కట్అవుట్ల సందుల్లో ఒండ్రు పేరుకుని, లోపలి స్క్రూలన్నీ ఆకుపచ్చ చిలుము పట్టి ఉన్నాయి. బయటికి మాత్రం డబ్బా చెక్కుచెదరకుండా కనిపించింది.

అలాగే పడమటి ఎండ నేరుగా తగలకుండా చూసుకోండి. మన వేసవి ఎండకు మూసిన డబ్బా లోపల మరింత వేడెక్కుతుంది. పైన చిన్న రేకు నీడ ఉన్నా చాలు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. వైరు గురించి ఉత్తరం ఇచ్చి రసీదు తీసుకున్నాను. కాంట్రాక్టర్ గారూ, మరో రెండు సందేహాలు తీర్చండి. మా స్థలంలో పై మట్టి మూడు, నాలుగు అడుగులే, ఆ కింద రాయి తగులుతోంది. ఎర్తింగ్ పైపు పూర్తిగా దిగేలా లేదు. రెండోది, మూడు మీటర్లూ ఒకేచోట ఉన్నాయి కాబట్టి మీటర్ల తరువాత మూడు ఇళ్లకూ ఒకే న్యూట్రల్ కలిపేస్తే కేబుల్ మిగులుతుందని మా ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. ఎర్తింగ్, న్యూట్రల్ పట్టీలను పిల్లర్‌లోనే కలిపేస్తే ఇంకా గట్టిగా ఉంటుందని కూడా అన్నాడు.

జవాబు: ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్, కరీంనగర్

అన్నగారూ, ఆ రెండు కలపడాలూ చేయనివ్వకండి. ఈ విషయంలో మొహమాటపడవద్దు.

ఆర్‌సీసీబీ చేసే పని ఒక్కటే. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో అంతే తిరిగి వచ్చిందా లేదా అని చూస్తుంది, తేడా ఉంటే పడిపోతుంది. మూడు ఇళ్ల న్యూట్రల్‌లు ఒకటైతే, అమ్మవాళ్ల ఫ్యాను కరెంటు కొంత మీ ఆర్‌సీసీబీ గుండా, కొంత అద్దెవాళ్ల దాని గుండా తిరిగి వెళ్తుంది. మూడింట్లోనూ ఏ లోపమూ లేకపోయినా ఆర్‌సీసీబీలు పడుతూనే ఉంటాయి. అప్పుడు ఎవరో ఒకరు వచ్చి ఆ ఆర్‌సీసీబీనే చెడిపోయిందని తీసేసి, వైరును నేరుగా కలుపుతారు. మీరు ఖర్చుపెట్టి పెట్టించుకున్న రక్షణ అక్కడితో పోతుంది. ఇప్పటి సింగిల్ ఫేజ్ ఎలక్ట్రానిక్ మీటర్లు ఫేజ్, న్యూట్రల్ రెండింటిలోని కరెంటునూ కొలిచి, ఏది ఎక్కువైతే దాన్ని లెక్కలోకి తీసుకుంటాయి. తేడా కనిపిస్తే మీటరు మీద ఎర్త్ అని రాసి ఉన్న ఎర్ర లైటు వెలుగుతుంది. తనిఖీకి వచ్చినవారికి అది అనుమానపు గుర్తు. కాబట్టి ఏ మీటరు న్యూట్రల్ ఆ ఇంటికే, వేరు కోర్‌లో వెళ్లాలి. పిల్లర్‌లో ఒక్కోదానికి వేరే టెర్మినల్, దాని మీద ఇంటి పేరు చీటీ ఉండాలి.

ఎర్తింగ్, న్యూట్రల్ పట్టీలను కలపడం ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర సంస్థ చేసే పని, మీ పిల్లర్‌లో చేసేది కాదు. వీధిలో న్యూట్రల్ ఎక్కడైనా తెగిన రోజున చుట్టుపక్కల ఇళ్ల కరెంటంతా మీ గుంతలోకి దిగడానికి దారి వెతుక్కుంటుంది, మీ ఇళ్లలో ఎర్తింగ్ ఉన్న ప్రతి ఇనుప వస్తువుకూ ఆ వోల్టేజి ఎక్కుతుంది. న్యూట్రల్‌కు ఒంటరిగా ఫ్యూజు గానీ స్విచ్ గానీ పెట్టకూడదు. మీ త్రీ ఫేజ్ సర్వీసులో న్యూట్రల్ ఒక్కటే వదులైతే, తక్కువ లోడున్న ఫేజ్ మీద వోల్టేజి 230 నుంచి 400 వైపు లేస్తుంది, నిమిషాల్లో టీవీ, ఫ్రిజ్ కాలిపోతాయి. అల్యూమినియం కోర్‌ను రాగి టెర్మినల్‌కు నేరుగా బిగించకుండా బైమెటల్ లగ్గు (రెండు లోహాలను కలిపే కొస ముక్క) వేయించి, క్రింపింగ్ యంత్రంతో నొక్కించండి. సుత్తితో కొట్టి అణిచిన లగ్గు మొదటి వేసవిలోనే వదులవుతుంది. కొన్ని నెలల తరువాత కరెంటు తీయించి అన్ని స్క్రూలూ మరోసారి బిగించండి.

ఇక రాయి సంగతి. హనుమకొండ చుట్టుపక్కల ఇది మామూలే. భారతీయ ప్రమాణం ఐఎస్ 3043 ప్రకారం పైపు ఎర్తింగ్‌కు కనీసం రెండున్నర మీటర్ల పొడవు కావాలి, భవనం నుంచి కనీసం ఒకటిన్నర మీటర్ల ఎడం ఉండాలి. పైపు దిగనిచోట అదే ప్రమాణం పట్టీని అడ్డంగా పరచడానికి ఒప్పుకుంటుంది: 25 మిల్లీమీటర్ల వెడల్పు, 4 మిల్లీమీటర్ల మందం ఉన్న జీఐ (జింకు పూత ఇనుప) పట్టీ, కనీసం 15 మీటర్ల పొడవు, కనీసం అర మీటరు లోతు. మీరు ఎలాగూ పాత ఇంటికి కేబుల్ కోసం 30 మీటర్ల కాలువ తవ్విస్తున్నారు. అందులోనే ఒక అంచున, ఇసుకలో కాకుండా తడి నిలిచే ఎర్రమట్టిలో ఆ పట్టీని పరిపించండి. తవ్వకం ఖర్చు ఒక్కటే, ఎర్తింగ్ మాత్రం గుంతకంటే మేలుగా రావచ్చు. పూడ్చేముందు ఎర్త్ టెస్టర్‌తో కొలిపించండి. 5 ఓముల లోపు వస్తే సంతోషం. రాతినేలలో 10, 15 వచ్చినా కంగారు పడనక్కరలేదు. ఎర్తింగ్ ఉన్న ఇనుప వస్తువుల మీద వోల్టేజి 50 దాటకుండా ఉండాలంటే 300 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీకి 166 ఓముల దాకా సరిపోతుంది. రాతి మీద ఇల్లు కట్టుకునేవారికి ఆర్‌సీసీబీ ఎందుకంత ముఖ్యమో ఈ లెక్కలోనే ఉంది. మూడు ఇళ్లకూ ఎర్తింగ్ ఒకటే ఉండవచ్చు, ఉండడమే మంచిది. పిల్లర్‌లోని ఎర్త్ పట్టీ నుంచి ఒక్కో ఇంటికీ వేరు ఎర్త్ వైరు కేబుల్ వెంట వెళ్లాలి. కేబుల్ ఆర్మర్ కూడా గ్లాండ్ (కేబుల్ డబ్బాలోకి దూరేచోట బిగించే బిరడా) దగ్గర ఆ పట్టీకే కలవాలి.

కేబుల్ 75 సెంటీమీటర్ల లోతున, కిందా పైనా ఇసుక వేసి, మీద ఇటుకలు పరిచి, ఆ పైన హెచ్చరిక టేపు వేసి పూడ్చాలి. కారు వెళ్లేచోట పైపులోంచి తీసుకురావాలి. మీకు రాయి అడ్డం వచ్చి అంత లోతు దొరకనిచోట కూడా పైపు వేసి, మీద కాంక్రీటు పోయించండి. డబ్బాలోకి కేబుళ్లు అడుగు నుంచే, గ్లాండ్ల ద్వారా రావాలి. వాడని రంధ్రాలను మూసేయించండి. రాత్రి వెచ్చదనం కోసం బల్లులు దూరేది అక్కడి నుంచే. రెండు ఫేజుల మధ్య ఒక్క బల్లి పడితే చాలు, పట్టీలు నల్లగా మాడిపోతాయి.

చివరగా, కరెంటు ఇచ్చే ముందు 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే పరికరంతో) ప్రతి కేబుల్‌నూ పరీక్షించాలి. కోర్‌కూ ఎర్త్‌కూ మధ్య ఇన్సులేషన్ కనీసం ఒక మెగాఓము చూపించాలి. కొత్త కేబుల్ అయితే అంతకంటే ఎన్నో రెట్లు చూపిస్తుంది. తక్కువ చూపిస్తే ఎక్కడో దెబ్బ తగిలిందని అర్థం. ఈ పని లైసెన్స్ ఉన్న కాంట్రాక్టర్ చేత చేయించి, పరీక్షల అంకెలు రాసిన కంప్లీషన్ రిపోర్టు మీద సంతకం తీసుకోండి.

జవాబు: విశ్రాంత విద్యుత్ ఉద్యోగి, కాజీపేట

కాంట్రాక్టర్ గారి మాటలకు నేను చేర్చేది కొంచెమే. డబ్బా కొనేటప్పుడు మూడు మీటర్లకే సరిపడేది కాకుండా ఇంకో మీటరు పట్టే చోటు ఉన్నది తీసుకోండి. డాబా మీద సోలార్ పెట్టుకుంటే నెట్ మీటరుతో పాటు ఉత్పత్తి కొలిచే మీటరు కూడా వస్తుంది, అప్పుడు పిల్లర్ పక్కన ఇంకో డబ్బా వేలాడదీయవలసిన పని ఉండదు.

పాత ఇంటికి భూమిలోంచి కరెంటు వచ్చిన రోజునే ఆ గాలి వైరును స్తంభం దగ్గర నుంచి పూర్తిగా విప్పించండి. ఇంటి వైపు మాత్రమే తెంచి, స్తంభం వైపు చుట్ట చుట్టి వదిలేసిన వైర్లు మన వీధుల్లో చాలా కనిపిస్తాయి, వాటిలో కరెంటు ఉంటుంది. లైన్‌మన్ స్తంభం ఎక్కినప్పుడు మీరు దగ్గర ఉండి, ఆ కొస కిందికి దిగిన తరువాతే కంప్లీషన్ కాగితం మీద సంతకం పెట్టండి.